టాపు కాడుంటాను

కాలిపూర్,
12 జనవరి 1974.

అక్కకు నమస్కారం.

పోయిన షిప్పులో నువ్వు పంపిన గోంగూర పచ్చడి, జంతికలు భద్రంగా చేరాయి. జంతికలు ఏరియల్ బే జెట్టీ నుంచి ఇంటికి వచ్చేలోపే సగమయ్యాయి. దొంగ నేనే, షిప్పువాళ్ళని తిట్టకు.

పార్వతీపురం వదిలి ఈ బడిలో చేరి ఆరు నెలలైంది. ఇప్పుడిప్పుడే పిల్లలు నన్ను చూసి నవ్వడం మానేశారు. నా హిందీ విని నవ్వేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే నా కోసం తెలుగులో మాట్లాడుతున్నారు. వీళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం రేవుల నుంచి వచ్చిన చేపల వేటవాళ్ళ పిల్లలే.

అసలు సంగతి ఇది. మా బడి వెనకే సాడిల్ పీక్ ఉంది. ఈ దీవులన్నిట్లోకీ ఎత్తైన కొండ, రెండువేల నాలుగువందల అడుగులు. మొన్న ఎనిమిదో తరగతికి భూగోళం చెబుతూ, "మీలో ఈ కొండ ఎక్కినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. "మీ నాన్నలు?" అన్నాను. అప్పుడూ లేవలేదు. రోజూ దాని నీడలో ఆడుకుంటారు, దాని మీద నుంచి ఊరెలా ఉంటుందో తెలియదు! నాకు సిగ్గేసింది. వానలు రాకముందే, మార్చిలో ఒక ఆదివారం, ఏడెనిమిదిమందిని తీసుకుని ఎక్కి దిగుదామనుకుంటున్నాను. తెల్లారి బయలుదేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం.

బావగారికి చెప్పు. నువ్వు మాత్రం భయపడకు. ఇది రాస్తూండగానే నీ మొహం కనిపిస్తోంది.

తమ్ముడు,
సాంబశివరావు.


లంబాలైన్, పోర్ట్ బ్లెయిర్,
24 జనవరి 1974.

ఒరే సాంబా,

నీకు ఆశీస్సులు తర్వాత, చీవాట్లు ముందు.

భయపడకు అని రాస్తే భయం పోతుందట్రా? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు. మీ బావగారు మాత్రం "కుర్రాడికి మంచి సరదా" అని పేపరు చూసుకుంటున్నారు. ఆయనకేం, ప్రభుత్వం వారి గుండె. నాదే మామూలు గుండె.

నేను ఈ దీవులకి వచ్చి పదిహేనేళ్ళు. ఒక్క కొండా ఎక్కలేదు. కాలనీ అంతా మౌంట్ హారియట్‌కి పిక్నిక్ వెళితే, జ్వరమని అబద్ధం చెప్పి ముసుగుతన్ని పడుకున్నాను. నవ్వుకో. కానీ ఒక్కటి విను. ఇక్కడి అడవి మన తోటపల్లి గట్టులాంటిది కాదు. అందులో పది అడుగులు వేసి వెనక్కి తిరిగితే వచ్చిన దారి ఉండదు. అయిదున్నరకే చీకటి పడిపోతుంది, నీకింకా అలవాటు కాలేదు. జలగలు, జెర్రులు సరేసరి. పైగా నువ్వు చెప్పే దారిలో సగం సముద్రం ఒడ్డే. సముద్రం ఒడ్డున దారి పొద్దున్న ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు.

ఆ పిల్లలకి లేని సరదా నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? బ్లాక్‌బోర్డు మీద కొండ బొమ్మ వేసి చూపించు, చాలు.

అక్క,
అరుణ.


కాలిపూర్,
10 ఫిబ్రవరి 1974.

అక్కకు నమస్కారం.

చీవాట్లు అందాయి. భద్రంగా దాచుకున్నాను.

నువ్వు భయపడ్డావని నేను ఏర్పాట్లు రెండింతలు చేశాను. అంటే లాభం కలిగించావన్నమాట. అప్పలరాముడని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇచ్ఛాపురం ఇవతల బారువ నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చాడు. ఈ తీరంలో ప్రతి రాయీ ఆయనకి పేరుపెట్టి పిలిచేంత చుట్టం. ఆయన కూతురు ఎరుకమ్మ నా తరగతిలోనే చదువుతోంది. అప్పలరాముడు మొన్న నన్ను వెంటబెట్టుకుని బీచి దారి అంతా చూపించాడు. మూడు మైళ్ళు ఒడ్డు వెంట రాళ్ళమీద నడవాలి. మధ్యలో ఒక ఖాడీ దాటాలి. ఖాడీ అంటే ఇక్కడ సముద్రపు పాయ, పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మోకాటి లోతే. తర్వాత అడవిలోకి మలుపు, ఒక వాగు, ఆ తర్వాత ఎక్కుడు. అడవిలో దారి ఒక్కటే. పాత సర్వేవాళ్ళు చెట్లకి గాట్లు పెట్టి ఉంచారు. తప్పిపోవాలన్నా తప్పిపోలేం.

ఇంకో మాట. నా మేనకోడలు శాంతకి పరీక్షలు మార్చి మొదటి వారంలో అయిపోతాయన్నావు కదా. దాన్ని రెండు వారాలు ఇక్కడికి పంపరాదూ? పద్నాలుగేళ్ళ పిల్ల, ఎప్పుడూ ఆ లంబాలైన్‌లో విమానాల మోత వింటూ కూర్చుంటుంది. ఎరుకమ్మతో స్నేహం కలుస్తుంది. ఉగాదికి తిరిగి పంపేస్తాను.

సాంబశివరావు.


లంబాలైన్,
21 ఫిబ్రవరి 1974.

చిరంజీవి సాంబకు,

శాంత నీ ఉత్తరం నాకంటే ముందే చదివేసింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కదా, అయినా తనకి కావలసిన ముక్క మాత్రం గడగడా చదివింది. అప్పట్నుంచి "మామయ్య కే పాస్ జానా హై" అని ఒకటే గోల. వాళ్ళ నాన్న ఊ అనేశారు. నేనొక్కదాన్నే రాక్షసినవుతున్నాను.

పంపుతాను. ఇక్కడ డైరీ ఫార్మ్ పేటలో ఉండే మాకు తెలిసిన కుటుంబం మార్చి ఆరున షిప్పులో అటు వస్తోంది, వాళ్ళతో వస్తుంది. కానీ ఒక షరతు. పిల్ల ఆ కొండ ఎక్కకూడదు. ఆ రోజు ఇంట్లో ఉండాలి. నువ్వు ఎక్కు, పడు, లే, నీ ఇష్టం. పెద్దవాడివి. దాన్ని మాత్రం తీసుకెళ్ళనని నాకు మాటివ్వాలి. ఉత్తరంలో రాసి ఇవ్వాలి. దీని తర్వాత నాకు ఇంకో బిడ్డ దక్కలేదని నీకు తెలుసు. నేను మళ్ళీ అడగను.

అరుణ.


కాలిపూర్,
12 మార్చి 1974.

అక్కకు నమస్కారం.

శాంత కులాసాగా చేరింది. షిప్పులో వాంతి కూడా చేసుకోలేదట, గొప్పగా చెబుతోంది. వచ్చిన మర్నాటి నుంచీ అదీ ఎరుకమ్మా ఒక కంచం ఒక మంచం. వాళ్ళు మాట్లాడుకునేది తెలుగో హిందీయో నాకు తెలియదు, మధ్యలో నాకు అర్థమయ్యే మాట వస్తే గట్టిగా నవ్వుతారు.

ఈ ఆదివారం, పదిహేడున, కొండ. దశమి. ఆ రోజు పాటు పదకొండు గంటలకి, పోటు సాయంత్రం అయిదుకి అని అప్పలరాముడు లెక్కగట్టాడు. వెళ్ళేటప్పుడు ఖాడీలో నీళ్ళు తగ్గుతూ ఉంటాయి. తిరిగొచ్చేసరికి పెరుగుతూ ఉంటాయి. అందుకు ఆయనే ఉపాయం చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తాను, నీకు ధైర్యంగా ఉంటుంది.

"బాబూ, దిగడం ఆలీసం అయిపోతే గట్టంట రాకండి. ఖాడీ నిండిపోతాది, పిల్లలు తేలిపోతారు. టాపుకి వొచ్చీండి. మూడు దాటనీకండి. నాను టాపు కాడుంటాను."

చూశావా! ఆలస్యమైతే కిందికి దిగొద్దు, కొండ టాపులోనే ఆగమంటున్నాడు. మా కోసం ఆయనే పైకి వస్తాడట. అంత వయసులో, అంత కొండ! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకు బాబాయ్ నీకు శ్రమ" అంటే, "సెమేటి, నాకు రోజూ ఉన్నదే గదా" అన్నాడు. పిల్లలకి కూడా అదే నియమం పెట్టాను. ఎవరు వెనకబడినా, ఎవరు తప్పిపోయినా, ఏం జరిగినా సరే, టాపుకి రావాలి.

శాంత సంగతి నువ్వు బెంగపెట్టుకోకు.

సాంబశివరావు.


లంబాలైన్,
16 మార్చి 1974, శనివారం.

సాంబా,

ఈ ఉత్తరం నీకు అందదు. అందేసరికి అయ్యేదేదో అయిపోయి ఉంటుంది. ఇక్కణ్ణుంచి షిప్పు మళ్ళీ బుధవారమే. అయినా రాస్తున్నాను, చేతులు ఊరికే ఉండటం లేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. టాపు అన్న మాట దగ్గర నా ప్రాణం ఆగిపోయింది. ఒరే నాయనా, టాపు అంటే కొండ కొస కాదురా. ఈ దీవుల్లో అందరికీ టాపు అంటే దీవి. సముద్రం మధ్య ఉండే దీవి! అది హిందీ మాట. నేను కొత్తగా వచ్చినప్పుడు ఒక సాయంత్రం మీ బావగారు ఇంటికి రాకపోతే పక్కింటావిడ "సాబ్ టాపూ మే గయే" అంది. నేను వాకిట్లోకి వెళ్ళి రేకుల కప్పు మీదికి చూస్తూ "ఏమండీ, దిగండీ" అని కేకలేశాను. ఆవిడ ఏడాదిపాటు నవ్వింది. నాకిప్పుడు నవ్వు రావడం లేదు.

మీ కొండదారి మొదట్లో ఒడ్డుకి దగ్గరగా ఏదో చిన్న దీవి ఉండి ఉంటుంది. నీళ్ళు తగ్గినప్పుడు రాళ్ళమీద నడిచి వెళ్ళేలాంటిది. ఒడ్డున అలల్లో పడవ ఆగదు, దీవి వెనక ఆగుతుంది. అప్పలరాముడు పడవ తీసుకుని అక్కడ ఉంటానన్నాడు. మూడు దాటితే ఆ రాళ్ళు మునుగుతాయి, అందుకే మూడు దాటనీకండి అన్నాడు. నువ్వేమో ఆలస్యమైతే కొండెక్కి కూర్చుంటావు. ఆయన నీ కోసం సముద్రంలో చూస్తాడు. నువ్వు ఆయన కోసం అడవిలో చూస్తావు.

అంతకంటే నన్ను చంపుతున్నది ఇంకొకటుంది. శాంతను తీసుకెళ్ళనని రాసివ్వమన్నాను. నువ్వు రాయలేదు. బెంగపెట్టుకోకు అని రాశావు. నాకు తెలుసు, తీసుకెళతావు. అది ఇక్కడ పుట్టిన పిల్ల. ఎరుకమ్మా అంతే. వాళ్ళకి టాపు అంటే నీళ్ళ మధ్య దీవే. తప్పిపోతే టాపుకి రమ్మని నువ్వే నియమం పెట్టావు. నువ్వు పైకి పోతావు, నా బిడ్డ సముద్రంలోకి పోతుంది.

పొద్దున్నే ఆస్టినాబాద్ నడిచి వెళ్ళి గణేశ్వరరావుని పట్టుకున్నాను. మీ బావగారి స్నేహితుడు, వైర్‌లెస్‌లో పని. "దీదీ, సొంత మాటలకి వైర్‌లెస్ ఇవ్వరు, చావో జబ్బో అయితేనే" అన్నాడు. "చావే అనుకోండి" అన్నాను. ఆయన నా మొహం చూసి కాగితం తీశాడు. పది మాటలకి మించకూడదన్నాడు. ఇలా చెప్పాను: శాంతను కొండకు తీసుకెళ్ళవద్దు, టాపు అంటే దీవి, శిఖరం కాదు. "టాపు సంగతి ఒక్కటీ చాలదా దీదీ?" అన్నాడు. చాలదన్నాను, శాంత మాటే ముందుండాలన్నాను. ఈ సాయంత్రానికి మీ బడికి అందుతుందట. అందాలి. అందుతుంది.

ఆదివారం.

పదిన్నర. ఈ పాటికి పైన ఉంటారు.

మూడైంది. మీ బావగారు వచ్చి, భోంచెయ్యి అని రెండుసార్లు చెప్పి వెళ్ళారు. ఆయన కూడా తినలేదు. కీడెంచి మేలెంచమన్నారు. నేను కీడు ఎంచి ఎంచి అలిసిపోయాను, మేలు దాకా వెళ్ళలేకపోతున్నాను.

అయిదున్నర. చీకటి పడింది. ఇంక రాయలేను.

అరుణ.


కాలిపూర్ అవతల, సముద్రం ఒడ్డున,
18 మార్చి, ఉదయం ఆరు గంటలు.

అక్కా,

ఇది నీకు పంపుతానో చింపేస్తానో తెలియదు. ఒక పిల్లాడి నోటుబుక్కులో కాగితాలివి. తొమ్మిది గంటల దాకా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

శాంతని తీసుకొచ్చాను. మాట తప్పానని కూడా అనలేను, మాటివ్వకుండా తప్పించుకున్నాను. రెండు రోజులు కాళ్ళు పట్టుకుని బతిమాలింది. అది ఎక్కితే నీ భయం పోతుందనుకున్నాను. నేనెంత మూర్ఖుణ్ణో చూడు.

నిన్న ఎనిమిదికల్లా వాగు దాకా బాగానే వచ్చాం. అక్కడ ఎరుకమ్మ పాదం రాయి కోసుకుంది. శాంత తన ఓణీ చింపి కట్టు కట్టడానికి ఆగింది. మిగతా ఆరుగురూ ముందుకు పరుగులు తీస్తున్నారు. దారి ఒక్కటే కదా అన్న ధీమా నాది. "మీరు నెమ్మదిగా టాపుకి వచ్చెయ్యండి, అక్కడ కలుద్దాం" అన్నాను. "సరే మామయ్యా" అంది. ఇప్పుడు ఆలోచిస్తే, కాస్త ఆశ్చర్యంగానే చూసింది.

పదిన్నరకి శిఖరం మీద ఉన్నాం. పన్నెండు దాకా చూశాను, రాలేదు. అందర్నీ తీసుకుని వాగుకి దిగాను. అక్కడ రాతి మీద నెత్తురు, ఓణీ పీలిక తప్ప ఏమీ లేదు. దారి తప్పి పక్కనుంచి ఎక్కి ఉంటారని, నియమం ప్రకారం టాపుకే వస్తారని మళ్ళీ పైకి పరిగెత్తించాను. మూడైంది. ఎవరూ లేరు. అప్పలరాముడూ రాలేదు. అరిచి అరిచి గొంతు పోయింది. పిల్లల్లో ఒకడు భయంభయంగా, "మాస్టారూ, టాపు అంటే ఇది కాదు గదా" అన్నాడు. "మరేంటిరా?" అన్నాను. వాడు చెట్ల మధ్యనుంచి కిందికి, నీళ్ళలోకి వేలు చూపించాడు. పొద్దుటి నుంచీ వాడికి తెలుసట. మాస్టార్ని ఎలా సరిదిద్దుతామని ఊరుకున్నాడు!

ఎలా దిగామో తెలియదు. ఒడ్డుకి చేరేసరికి చీకటి, పోటు. నడిరాత్రి నీళ్ళు తగ్గినా ఆ చీకట్లో రాళ్ళ మీద అడుగు వెయ్యలేకపోయాం. మిగతా రాత్రి సంగతి రాయను.

ఇప్పుడు వెలుగొచ్చింది. ఆ దీవి కనిపిస్తోంది. మన ఇంటి నుంచి వీధి చివర ఉన్నంత దూరం కూడా లేదు. మధ్యలో తెల్లగా నురగ. దీవి మీద మనుషులున్నారు. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు పడుకుని ఉన్నారు. అక్కడ ఉండవలసింది ముగ్గురు. పడుకున్నది ఎవరో తెలియడం లేదు. చెయ్యి ఊపాను. నిలబడిన ఒకరు ఊపారు. అలల మోతలో కేక అందడం లేదు. పడవ జాడ లేదు.

పిల్లలు ఈదుతామంటున్నారు. ఒక్కొక్కడి జబ్బ పట్టుకుని కూర్చోబెట్టాను. ఊళ్ళో పడవ కోసం ఇద్దర్ని పంపితే ఖాడీ నిండుగా ఉందని తిరిగొచ్చారు. నాకు ఈత రాదు. నీళ్ళు తగ్గేదాకా ఇలా చూస్తూ ఉండటమే.

ఏడున్నర. పడుకున్న మనిషి కదలలేదు. నిలబడినవాళ్ళు వంగి ఏదో చేస్తున్నారు. దేవుడా, ఆ పడుకున్నది పెద్దమనిషి కావాలని కోరుకున్నాను. ఒక మంచివాడి చావుని కోరుకున్నాను అక్కా. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేను.

దిగ్లీపూర్,
21 మార్చి.

పై కాగితాలు చింపలేదు. నీకు తెలియాలి.

శాంత క్షేమం. ఎరుకమ్మా క్షేమం. తొమ్మిదింటికి రాళ్ళమీద పడుతూ లేస్తూ వెళ్ళి దాన్ని పట్టుకున్నాను. ఒళ్ళంతా ఉప్పు, పెదాలు పగిలిపోయాయి. "టాపుకి రమ్మని నువ్వెందుకు రాలేదు మామయ్యా?" అంది. అంతే అంది.

పడుకున్నది అప్పలరాముడే. ఆదివారం రెండుకే పడవతో వచ్చాడు. ఆడపిల్లల్ని ఎక్కమంటే ఎక్కలేదట. "మామయ్య వస్తానన్నాడు, వచ్చాకే" అని శాంత మొండికేసింది. వీళ్ళని దింపి మళ్ళీ వస్తే ఈలోగా మేం వచ్చి నీళ్ళలో చిక్కుకుంటామని ఆయనా ఆగాడు. నాలుగు దాటాక గాలి తిరిగింది. పడవ రాతికి కొట్టుకోకుండా చెయ్యి అడ్డుపెట్టి నెడుతుంటే, అల ఎత్తి పడవని చెయ్యి మీదే వేసింది. పడవ ముక్కలైంది. ఇక్కడ ఆస్పత్రిలో కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు. వల విసిరే చెయ్యి.

నేను మొన్నటి నుంచీ ఆయన మంచం దగ్గరే ఉన్నాను. నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మెయిన్‌లాండోరు, మీకేటి తెల్సును బాబూ" అన్నాడు. ఆ మాట కన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

నీ శనివారం ఉత్తరం ఇప్పుడే షిప్పులో వచ్చింది. వైర్‌లెస్ పంపానన్నావు. నాకు ఏ వైర్‌లెస్సూ అందలేదు. అంది ఉంటే ఇదంతా లేదు. ఎక్కడ ఆగిపోయిందో. అందినా నేను లెక్క చేసేవాణ్ణేమో, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కదా నేను.

ఉద్యోగానికి రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఆయన ఇంటికి చేరాక ఇచ్చేస్తాను. పార్వతీపురం పోతాను. శాంతని తెలిసినవాళ్ళతో రేపటి షిప్పులో పంపుతున్నాను. ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. నీ మొహం చూసే ధైర్యం లేక నేను రావడం లేదు.

సాంబశివరావు.


లంబాలైన్,
25 మార్చి 1974.

సాంబా,

శాంత శనివారం దిగింది. జెట్టీలో దాన్ని కొట్టాను, తర్వాత వదల్లేదు. మీ బావగారు మా ఇద్దర్నీ టాక్సీలోకి తోయవలసి వచ్చింది.

నిన్న ఉగాది. పచ్చడి చేతిలో వేస్తే నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. ఏమే అంటే ఏడవడం మొదలుపెట్టింది. నువ్వు రాజీనామా రాయడం దానికి తెలుసు, నీ కాగితాల్లో చూసిందట. ఆ తర్వాత చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"అమ్మా, వైర్‌లెస్ వచ్చింది. శనివారం శామ్‌కి, దీపాలు పెట్టే వేళ, బడి ప్యూన్ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. మామయ్య దుకాణానికి వెళ్ళాడు. నేనే చదివాను. శాంతను తీసుకెళ్ళవద్దు అని ముందే ఉంది. ఇస్తే నన్ను వదిలేసి వెళ్తాడు కదా. అందుకే ఛుపా దియా, పుస్తకంలో దాచేశా. టాపు అంటే దీవి అని కూడా ఉంది. అది ఎవరికి తెలీదు, అమ్మ ఎందుకు రాసింది, పాగల్ హో గయీ అనుకున్నా. వాగు దగ్గర మామయ్య టాపుకి వెళ్ళమంటే, ఎరుకమ్మ కాలు కోసుకుంది కదా, పడవ దగ్గరికి పొమ్మంటున్నాడు అనుకున్నా. మీరెందుకు పైకి వెళ్తున్నారని అడుగుదామనుకున్నా. అడగలేదు. దీవికి వచ్చే రాళ్ళు మునిగిపోయాక నాకు ఆ కాగితం గుర్తొచ్చింది. టాపు అంటే మామయ్య కొండ కొస అనుకున్నాడని అప్పుడు సమజ్ అయింది. అందుకే పడవ ఎక్కలేదు. నా వల్ల మామయ్యావాళ్ళు పైన ఉండిపోయారు, మేం ఎక్కి వెళ్ళిపోతే ఎలా అని. అప్పలరాముడు తాతకి మాత్రం చెప్పలేదు. చెప్పుంటే ఆయన మమ్మల్ని తీసుకుని వెళ్ళిపోయేవాడు. చెయ్యి పోయేది కాదు."

దాని చేతిలో ఉన్న పచ్చడి కొంగుతో తుడిచాను. అరిస్తే బాగుండేది. మీ బావగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

సాంబా, రాజీనామా చింపెయ్. నీ తప్పు నీకుంది, దాన్ని నేను తుడవను. మాటివ్వకుండా తప్పించుకున్నావు, ఆడపిల్లల్ని వాగు దగ్గర వదిలి ముందుకుపోయావు. కానీ మాట తెలియకపోవడం తప్పు కాదు. ఆ మాట నీకు తెలియకుండా ఆపింది నేను. గణేశ్వరరావు అడిగాడు, టాపు సంగతి ఒక్కటీ చాలదా అని. అదొక్కటే పంపి ఉంటే, శాంత నవ్వుకుంటూ నీ చేతిలో పెట్టేది. నువ్వూ నవ్వేవాడివి, పిల్లలు నిన్ను ఆటపట్టించేవాళ్ళు. నేను భయంతో ముందు వద్దు అని పెట్టాను. వద్దు అన్న కాగితాన్ని ఏ పిల్ల ఇస్తుంది? పద్నాలుగేళ్ళూ దానికి వద్దు వద్దు అనే చెప్పాను. అది దాచుకోవడం నేర్చుకుంది. తీరా ప్రాణం నిలిపే మాట చెప్పవలసి వచ్చినప్పుడు కూడా దాన్ని ఆ వద్దు వెనకాలే కట్టి పంపాను.

ఈ బుధవారం షిప్పులో ఈ ఉత్తరం వస్తుంది, పై బుధవారం షిప్పుకి మేమిద్దరం వస్తున్నాం. మీ బావగారు తానూ వస్తానన్నారు, వద్దన్నాను. శాంత అప్పలరాముడి ఎదుట నిలబడి, ఆ కాగితం సంగతి తన నోటితో చెబుతుంది. ఎరుకమ్మ కూడా అక్కడే ఉంటుంది. తర్వాత నా వంతు నేను చెబుతాను. పిల్ల నిన్నటి నుంచీ వెక్కుతోంది, "అమ్మా, ఆయన ఏమంటారు?" అని. నాకు తెలియదని చెప్పాను. నిజంగా తెలియదు. తిడితే పడతాం. నిన్నన్నట్టే, చిన్నపిల్ల నీకేం తెలుసు అని ఊరుకుంటాడేమోనని నాకు అంతకంటే భయంగా ఉంది.

నువ్వు జెట్టీకి రా. మేం వచ్చేదాకా ఆయనకేమీ చెప్పకు.

అక్క,
అరుణ.